దిక్కులేనిదాన్ని కాను

చర్లపల్లి జైలు
మార్చి 9, 2025

జయా,

ఫోన్‌లో ఇచ్చే ఆ కాసేపట్లో ఏదీ పూర్తిగా చెప్పలేకపోతున్నాను. వెనక లైన్లో ఉన్నవాళ్ళు దగ్గుతూ తొందర పెడుతుంటారు. ములాఖాత్‌కి నాన్నతో కలిసి వస్తావు, ఆయన ముందు నువ్వు నోరు విప్పవు. అందుకే రాస్తున్నాను.

హైకోర్టులో అప్పీలు వేశారు. అది విచారణకు వచ్చేదాకా శిక్షను ఆపి నన్ను బెయిల్ మీద వదలమని ఇంకో పిటిషన్ కూడా వేస్తున్నారు. దానికి నీ అఫిడవిట్ కావాలి. లాయరు రాజేశం గారు అంతా టైపు చేయించి ఇంటికే తెస్తారు. నా సంపాదన తప్ప మీకు వేరే ఆధారం లేదని, జిరాక్స్ దుకాణం మూతపడిందని, నువ్వూ తన్మయీ దిక్కులేని వాళ్ళయ్యారని, పాప చదువు ఆగిపోయేలా ఉందని అందులో ఉంటుంది. సంతకం పెట్టు, చాలు.

ఇంకొక విషయం. అశోక్‌నగర్ దుకాణంలో నువ్వే కూర్చుంటున్నావని విన్నాను. వెంటనే మానెయ్. కోర్టులో మూతపడిందని చెప్పి, ఇక్కడ షట్టర్ ఎత్తుకుని కూర్చుంటే నా కేసు ఏమవుతుంది? అయినా రోజంతా వచ్చే ఆ కోచింగ్ పిల్లల మధ్య నువ్వు నిలబడడం నాకు ఇష్టం లేదు.

ఏడేళ్ళు, జయా. తాగిన మైకంలో జరిగిన ఒక్క తప్పుకు ఏడేళ్ళు. ఆ సాయంత్రం నాకు గుర్తు కూడా లేదు. ఆ వాచ్‌మన్ నా బండి హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యకుండా ఉంటే ఇదంతా జరిగేదే కాదు.

తన్మయిని అడిగానని చెప్పు. ఒక్కసారి కూడా ములాఖాత్‌కి తీసుకురాలేదు.

రాజీవ్


చిక్కడపల్లి
మార్చి 17, 2025

రాజీవ్ గారికి,

ఉత్తరం అందింది. మీరు రాయడమే మంచిదైంది. ములాఖాత్‌లో మీరు మాట్లాడుతుంటే నేను వినడమే సరిపోతుంది. కాగితం మీద నా మాటకు ఎవరూ అడ్డు రారు.

ఆదివారం పొద్దున మామయ్య, రాజేశం గారు వచ్చారు. టీ ఇచ్చాను. ఆయన కాగితాలు ముందు పెట్టి, "అమ్మా, జర ఇక్కడ సంతకం పెట్టు" అన్నారు. నేను చదవడం మొదలుపెట్టాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సార్, దుకాణం మూతపడిందని ఉంది. నిన్న కూడా తీసిన."

"గవన్నీ కోర్టు భాషమ్మా. గట్ల రాస్తెనే జడ్జి మనసు కరుగుతది."

"దిక్కులేనిదాన్ని అని కూడా ఉంది. నేను దిక్కులేనిదాన్ని కాను సార్."

మామయ్య కప్పు కింద పెట్టారు. "వాడు బయటికి రావద్దా నీకు? గదొక్కటి చెప్పు."

"రావాలో వద్దో కోర్టు చెప్తది మామయ్యా. అబద్ధం మాత్రం నా సంతకంతోని పోదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. సంతకం పెట్టలేదు.

దుకాణం సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మొదట్లో పెద్ద మెషీన్‌లో కాగితం ఇరుక్కుంటే ఎలా తీయాలో తెలియక ఏడ్చాను. గ్రూప్స్‌కి చదివే హాస్టల్ అమ్మాయి సంజన పక్క మూత తీసి చూపించింది. ఇప్పుడు స్పైరల్ బైండింగ్ నేనే చేస్తున్నాను. నోటిఫికేషన్ పడిన వారం మధ్యాహ్నం అన్నం తినడానికి కూడా తీరిక లేదు. ఇంటి కిరాయి కడుతున్నాను. తన్మయి ఫీజు కట్టాను. అది తొమ్మిదో తరగతికి వస్తోంది. దాని చదువు ఎక్కడా ఆగలేదు.

ఇక ఆ సాయంత్రం. మీకు గుర్తు లేదంటారు. హ్యాండిల్ మీద చెయ్యి వేసిన సంగతి మాత్రం గుర్తుంది. మిగతాది నేను చెబుతాను. మీరు నారాయణగూడలో తాగి వచ్చి, పక్కన కడుతున్న బిల్డింగ్ గేటుకు అడ్డంగా బండి పెట్టారు. నీళ్ళ ట్యాంకర్ వచ్చి ఆగింది. వాచ్‌మన్ "సార్, జర బండి పక్కకు జరుపుండ్రి" అన్నాడు. మీరు జరపలేదు, అతనే జరపబోయాడు. మీరు హెల్మెట్‌తో అతని తల మీద కొట్టారు. పడిపోయాక కూడా కొట్టారు. నేను మెట్లు దిగి వచ్చేసరికి ట్యాంకర్ డ్రైవర్ రాములు మిమ్మల్ని వెనక నుంచి పట్టుకుని ఉన్నాడు. కింద పడి ఉన్న మనిషి తలకు నా చున్నీ కట్టాను, అది ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు.

ఆ వాచ్‌మన్ పేరు దాసయ్య. మీ ఉత్తరంలో ఆ పేరు ఎక్కడా లేదు.

జయశ్రీ


చర్లపల్లి జైలు
ఏప్రిల్ 2, 2025

జయశ్రీకి,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా భార్యే రాసిందా అని సంతకం చూసుకున్నాను.

నువ్వు నాకు సాక్ష్యం చెప్పాల్సిన మనిషివి, నా మీద చెప్పేదానివి కాదు. ఒక్క సంతకం అడిగాను. ప్రపంచంలో ఏ భార్యయినా ఆ మాత్రం చేస్తుంది. ఇక్కడ నా పక్కన పడుకునే వాడి పెళ్ళాం కమ్మలు అమ్మి లాయరును పెట్టింది. నువ్వేమో టైపు చేసిన కాగితంలో తప్పులు వెతుకుతున్నావు.

ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని సత్యం మాట్లాడడం సులువు. ఇక్కడ బారక్‌లో మనిషికి మనిషికి మధ్య జానెడు చోటు. ఎండాకాలం ఇంకా పూర్తిగా రానే లేదు.

ఆ దుకాణం గది మా నాన్నది. మెషీన్లు నావి. నా మాట లేకుండా వాటి మీద చెయ్యి వేసే హక్కు నీకు లేదు. తాళం వేయమని నాన్నకు చెప్పాను. అప్పుడైనా అఫిడవిట్‌లో ఉన్నది నిజమవుతుంది.

నన్ను ఇక్కడే ఉంచాలని నీకు ఉంది. అదొక్కటి ఒప్పుకో.

రాజీవ్


చిక్కడపల్లి
ఏప్రిల్ 21, 2025

రాజీవ్ గారికి,

ఒప్పుకుంటున్నాను.

మీరు జైల్లో మగ్గాలని కాదు. కానీ మీరు లేని ఇల్లు మాకు బాగుంది. అడిగారు కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

సాయంత్రాలు మీ బండి స్టాండు నేలకు తగిలే చప్పుడును బట్టి మీరు ఎంత తాగి వచ్చారో తన్మయి చెప్పేది. మెల్లగా దించితే పుస్తకం ముందే కూర్చునేది. ధన్‌మని కొడితే పుస్తకాలన్నీ ఎత్తుకుని వంటింట్లో సిలిండర్ పక్కకు వెళ్ళిపోయేది. దానికి ఆ లెక్క నేను నేర్పలేదు. నా ముంజేయి వాచినప్పుడు, బాత్రూంలో జారానని మా అమ్మకు చెప్పాను. ఆ అబద్ధం మీ కోసమే చెప్పాను. మీ కోసం చెప్పే అబద్ధాలు నా దగ్గర అయిపోయాయి.

మామయ్య చెప్పినట్టే తాళం వేశారు. నేను షట్టర్ ముందు నిలబడి చూశాను. పరేషాన్ అవుతానని, ఏడుస్తానని అనుకున్నారేమో, చాలాసేపు అక్కడే ఉన్నారు. సంజన వాళ్ళ హాస్టల్ ముందు వరండా ఖాళీగా ఉంది. హాస్టల్ నడిపే అంబిక గారిని అడిగాను. ఆమె ఒక్కటే అడిగింది. "మీ ఆయనొచ్చి లొల్లి చేస్తడా?" చేయడన్నాను. పాత మెషీన్ ఒకటి అద్దెకు తెచ్చుకుని అదే వారంలో మొదలుపెట్టాను. మీ మెషీన్లు మీ తాళం వెనకే భద్రంగా ఉన్నాయి. అఫిడవిట్ మాత్రం ఇంకా నిజం కాలేదు.

ఇంకొకటి కూడా జరిగింది. ఆడవాళ్ళు వెళ్తే దాసయ్య ఇంటివాళ్ళు రాజీకి ఒప్పుకుంటారని మామయ్య నన్ను రాంనగర్ తీసుకెళ్ళారు. రాజీ చేయించడానికి కాదు, దాసయ్యను చూడడానికి నేను వెళ్ళాను.

మార్కెట్ వెనక ఒకటే గది. ఆయన గడప పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడి చేతిని ఒళ్ళో పెట్టుకున్నారు, ఎవరిదో వస్తువును జాగ్రత్తగా పట్టుకున్నట్టు. నన్ను చూసి నవ్వి, "గేటు, గేటు" అన్నారు. భార్య మాసమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి తాగించింది.

"మాటలన్నీ కలిసిపోయినయ్. నీళ్ళంటే గేటు అంటడు, అన్నం అంటే లారీ అంటడు. నాకొక్కదానికే తెలుస్తది" అంది. పాలమూరు నుంచి ఇద్దరూ కలిసి పనికి వచ్చారట. ఇప్పుడు ఆమె బాగ్ లింగంపల్లిలో ఫంక్షన్ హాల్ ఊడుస్తోంది.

మామయ్య మొదలుపెట్టారు. "జరిగిందేదో జరిగింది మాసమ్మా. మావాడు తాగున్నడు, తెలివిల లేడు. నువ్వు రాజీ కాగితం మీద సంతకం చెయ్యి. మీ ఆయన వైద్యం మేం చూస్కుంటం."

"మీ కొడుకు తాగిండు సారు. మా ఆయన తాగలే గద. తాగనోని తల ఎందుకు పలిగింది?"

మామయ్య రాజీ కాగితం తీసి ఆమె ముందు పెట్టారు.

"నేను సంతకం పెడితే మీ కొడుకు బయటికొస్తడు. మా ఆయన ఎప్పుడొస్తడు బయటికి?" అని దాసయ్య తల వైపు చూపించింది.

నాకు కళ్ళు నిండాయి. ఆమె నా వైపు తిరిగి, "నువ్వేడ్వకమ్మా. నువ్వేడిస్తే నేను నిన్ను ఊకోబెట్టాలె. నాకంత టైం లేదు, పనికి పోవాలె" అంది.

ఏడుపు మింగేసి బయటికి వచ్చాను.

జయశ్రీ


చర్లపల్లి జైలు
జూన్ 26, 2025

జయశ్రీకి,

బెయిల్ పిటిషన్ కొట్టేశారు. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. గెలిచావు.

అప్పీలు మాత్రం త్వరగా వింటామన్నారట. నువ్వు లేకుండానే కొట్లాడతాను.

రాజీవ్


చర్లపల్లి జైలు
ఆగస్టు 30, 2025

జయా,

నువ్వు జవాబు రాయలేదు. రాయాల్సిన ఉత్తరం కూడా కాదులే అది.

ఇక్కడ నా చేతిరాత బాగుందని అందరూ అర్జీలు రాయించుకుంటున్నారు. ఉచిత లాయరు కోసం, పెరోల్ కోసం, అప్పీలు కోసం. తాగి కొట్టి వచ్చినవాళ్ళే ఎక్కువ. అందరికీ ఒకటే వాక్యం రాస్తున్నాను, 'తాగిన మైకంలో ఏం జరిగిందో నాకు తెలియదు' అని.

పోయిన వారం ముత్యాలు అనే అతను వచ్చాడు. సొంత తమ్ముడి మోకాలు గడ్డపారతో విరగ్గొట్టాడు. ఆ వాక్యం రాస్తూ ఊరికే అడిగాను, నిజంగానే గుర్తు లేదా అని. నవ్వాడు.

"గుర్తు లేకేంది అన్నా. 'అన్నా వద్దే' అని వాడు మొత్తుకున్నది ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. గని గట్లనే రాయాలె గద. నీ దాంట్ల గట్లనే రాసిండ్రు గద?"

అవునన్నాను. అర్జీ పూర్తి చేసి ఇచ్చాను. తర్వాత ఇంకెవరికీ రాయలేదు. రాయమని వస్తే చెయ్యి నొప్పి అంటున్నాను.

జయా, ఆ సాయంత్రం వాచ్‌మన్ కింద పడ్డాక ఒక చెయ్యి పైకెత్తి, "సార్, నేనే జరుగుత సార్" అన్నాడు. బండి గురించి కాదు, తన గురించి అన్నాడు. నాకు వినిపించింది. వినిపించాక కూడా కొట్టాను.

ఇది నువ్వు ఎవరికైనా చూపించుకోవచ్చు.

రాజీవ్


చిక్కడపల్లి
సెప్టెంబర్ 14, 2025

రాజీవ్ గారికి,

ఉత్తరం దుకాణంలో చదివాను. చదివాక ఎవరో పిల్లవాడి నోట్సు తలకిందులుగా కాపీలు తీశాను. మళ్ళీ తీసి ఇచ్చాను.

ఎవరికీ చూపించను. తన్మయికి కూడా. అది అడిగినప్పుడు మీరే చెప్పండి.

కానీ నాకు రాస్తే సరిపోదు. మొన్న రాజేశం గారు అప్పీలు కాగితాల కాపీ ఇచ్చి వెళ్ళారు. అందులో రెండు మాటలు ఇంకా అలాగే ఉన్నాయి. మీకు ఆ సాయంత్రం ఏమీ తెలియదని ఒకటి, మీ భార్యాబిడ్డలు దిక్కులేక అల్లాడుతున్నారని ఇంకొకటి. మొదటిది అబద్ధమని మీరే రాశారు. రెండోది అబద్ధమని అశోక్‌నగర్‌లో ఏ హాస్టల్ పిల్లనడిగినా చెబుతుంది.

విచారణ రోజున నేను కోర్టుకు వెళ్తున్నాను. రాజేశం గారు నన్ను చూపించి ఆ మాట చదివితే, లేచి నిలబడి అబద్ధమని చెబుతాను. నన్ను బయటికి పంపేస్తారేమో, పంపనీ. పంపేలోగా ఆ మాట అనేస్తాను. మామయ్యకు కూడా ఇదే చెప్పాను. "నువ్వు మా ఇంటి కోడలివేనా?" అన్నారు. "కోడల్నే. బిచ్చపుదాన్ని మాత్రం కాదు" అన్నాను.

అప్పీలు వద్దని నేను అనడం లేదు. అది మీ హక్కు. మీ కాళ్ళ మీద నిలబడి కొట్లాడండి. మా కన్నీళ్ళు మీకు అద్దెకు ఇవ్వను.

జయశ్రీ


చర్లపల్లి జైలు
అక్టోబర్ 19, 2025

జయా,

రాజేశం గారిని ములాఖాత్‌కి పిలిపించాను. నాన్న కూడా వచ్చారు. ఆ రెండు మాటలూ తీసెయ్యమన్నాను.

"గవి తీసేస్తే మన దగ్గర ఏం మిగుల్తది రాజీవ్?" అన్నారు లాయరు గారు.

"చంపాలని అనుకోలేదు సార్. అదొక్కటి మిగుల్తది. దాని మీదనే కొట్లాడుండ్రి."

"భార్యాబిడ్డల మాట చెప్తే జడ్జి ఇంకో ఏడాది తగ్గిస్తడేమో."

"వాళ్ళు మంచిగనే ఉన్నరు సార్. మంచిగున్నోళ్ళను దిక్కులేనోళ్ళంటే ఎట్ల?"

నాన్న లేచి వెళ్ళిపోయారు. తర్వాత రెండు ములాఖాత్‌లకు రాలేదు.

నువ్వు బెదిరించావని తీయించానని అనుకోకు. ఒకందుకు అదీ ఉంది. కానీ నీ ముందు తల వంచి చెబుతున్న మాట కాదిది. నేను హత్యాయత్నం చేయలేదు. కొట్టాను. తాగి, తెలిసి, ఆగకుండా కొట్టాను. చంపాలని మాత్రం కొట్టలేదు. ఆ ఒక్క మాట కోసం ఎంత పై కోర్టుకైనా వెళ్తాను. నువ్వు నమ్మినా నమ్మకపోయినా సరే.

బయటికి వచ్చాక నేను ఎక్కడికి రావాలి? ఇంటికి రావచ్చా? సూటిగా రాయి.

రాజీవ్


చిక్కడపల్లి
డిసెంబర్ 12, 2025

రాజీవ్ గారికి,

తీర్పు సంగతి రాజేశం గారు మీకు చెప్పే ఉంటారు. అక్కడ ఉన్నదాన్ని కాబట్టి నేను చూసింది రాస్తున్నాను.

నేను లేచి నిలబడాల్సిన అవసరం రాలేదు. రాజేశం గారు మా పేరు ఎత్తలేదు. జడ్జి గారు తీర్పు చదివారు. తాగింది మీ అంతట మీరే కాబట్టి, కింది కోర్టులో చెప్పిన ఆ మైకం సాకు చెల్లదన్నారు. అయితే చంపాలన్న ఉద్దేశం రుజువు కాలేదన్నారు. హత్యాయత్నం తీసేసి, తీవ్రంగా గాయపరిచిన నేరం కింద నాలుగేళ్ళు చేశారు. మీరు పట్టుకుని కూర్చున్న ఆ ఒక్క మాటే నిలబడింది. నేను కూడా అది నమ్ముతున్నాను. నమ్మడం వేరు, క్షమించడం వేరు.

కోర్టు వరండాలో మామయ్య నా పక్కకు వచ్చి, "నువ్వు సంతకం పెట్టుంటే ఇంకా తగ్గేది" అన్నారు. "తగ్గేదేమో మామయ్యా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. తగ్గి ఉంటే మీకు మంచిదే. అయినా పెట్టేదాన్ని కాదు.

మాసమ్మ కూడా వచ్చింది. తీర్పంతా ఇంగ్లీషులో ఉంది, ఆమెకు ఏమీ అర్థం కాలేదు. నేను కనబడితే నన్నే అడిగింది.

"ఏమన్నడమ్మా జడ్జి?"

"ఏడేండ్లు నాలుగేండ్లయినయ్ మాసమ్మా."

"ఎట్లయితది? మా ఆయన చెయ్యేమన్న తిరిగొచ్చిందా?"

"రాలేదు."

"మరి?"

జడ్జి గారు చెప్పిన కారణం చెప్పాను. చంపాలని కొట్టలేదన్నారని. ఆమె "సావకుంట సంపిండు గద" అంది. తర్వాత అడిగింది, "దీని మీద ఇంకో కోర్టు ఉన్నదా?"

"ఢిల్లీల ఉంది."

"అయితే పోత."

నిజంగానే పోతోంది. ఉచిత న్యాయ సహాయం ఇచ్చే చోట ఒక లాయరమ్మ ఒప్పుకుంది. కాగితాలన్నీ కాపీలు తీయాలట. మొన్న మధ్యాహ్నం మాసమ్మ ఆ కట్ట పట్టుకుని మా వరండా దగ్గరికే వచ్చింది. నా దుకాణమని తెలిసే వచ్చింది. నేను మీ భార్యనని కూడా తెలుసు. మిగతా పిల్లలను ఆగమని, ఆమె కాగితాలు ముందు తీశాను. ఆస్పత్రి రిపోర్టులు, తల ఫోటోలు, రాములు సాక్ష్యం, కింది కోర్టు తీర్పు, పైకోర్టు తీర్పు. సరిగా రాని పేజీలు చించేసి మళ్ళీ తీశాను. డబ్బులు వద్దన్నాను.

"ఊకెనే తీస్కుంటే నా కేసు నీ కేసైతది. నా కేసు నాదే ఉండాలె" అని డబ్బులు కౌంటర్ మీద పెట్టి పోయింది.

మీ శిక్ష మళ్ళీ పెంచమని అడిగే కాగితాలు నా చేతులతో తీశాను. ఈ సంగతి వేరేవాళ్ళ నోటి నుంచి కాకుండా నా నోటి నుంచే మీకు తెలియాలని రాస్తున్నాను.

ఎక్కడికి రావాలి అని అడిగారు. నారాయణగూడలో మీ నాన్న గారింటికి వెళ్ళండి. చిక్కడపల్లి ఇల్లు నా పేరు మీద కిరాయికి మార్చుకున్నాను. తాగకుండా ఎన్నాళ్ళు ఉన్నారో నేను చూడాలి. ఎన్నాళ్ళయితే నమ్మకం వస్తుందో నాకే తెలియదు, కాబట్టి గడువు పెట్టను. తన్మయి మీకు ఉత్తరం రాస్తానని ఒకసారి అంది, రాయలేదు. తొందర పెట్టకండి.

జయశ్రీ


చర్లపల్లి జైలు
ఫిబ్రవరి 22, 2026

జయా,

నారాయణగూడ సంగతి చదివి మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. ఇప్పటికీ కొంచెం ఉంది. అక్కడికే వెళ్తాను.

ఢిల్లీ నుంచి నోటీసు వచ్చింది. జైలు ఆఫీసుకు పిలిచి ఇచ్చారు. మాసమ్మ, దాసయ్య భార్య, రాంనగర్ అని ఉంది. సంతకం చేసి తీసుకున్నాను. నేను ఊరుకోను, నా మాట నేను అక్కడా చెబుతాను. ఆమె కూడా ఊరుకోవద్దు. ఆమె ఆగిపోవాలని ఒకప్పుడు నాన్నను రాజీకి పంపినవాణ్ణి, ఈ మాట రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

నిన్న రాజేశం గారు వచ్చారు. నోటీసు వెనక కట్టను తిరగేసి నవ్వుతూ అన్నారు, "చూసినవా రాజీవ్, నీ మీద కేసుకు నీ భార్యే జిరాక్స్‌లు తీసిందంట గద."

"ఆమె దుకాణం సార్" అన్నాను. "ఎవరొచ్చినా తీస్తది."

రాజీవ్